పారాణి పెట్టిన చేతులతోనే

పోయిన శీతాకాలం సెలవుల్లో మా అమ్మాయి పట్టుబట్టి నన్ను ఒక సినిమాకి కూర్చోబెట్టింది. 2000లో వచ్చిన 'సెంటర్ స్టేజ్'. న్యూయార్క్‌లో బాలే అనే పాశ్చాత్య నాట్యం నేర్పే ఒక అకాడమీ, అక్కడ చేరిన పిల్లలు. ఏడాది చివర జరిగే ప్రదర్శన చూసి వాళ్ళలో కొద్దిమందినే డాన్స్ కంపెనీలోకి తీసుకుంటారు.

పిల్లకి 14 ఏళ్ళు, పుట్టింది అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఆరో ఏట నేను కూచిపూడిలో వేశాను. బాలే మాత్రం తనే అడిగి చేరింది. శనివారం పొద్దున ఒకచోట పాదం నేల అదిరేలా కొట్టాలి, మధ్యాహ్నం ఇంకోచోట ఎగిరి దిగినా చప్పుడు కాకూడదు. సినిమాలో జోడీ అనే అమ్మాయికి టర్నవుట్ బాగాలేదని తిడతారు. టర్నవుట్ అంటే తుంటి దగ్గర్నుంచి కాళ్ళు బయటికి తిప్పడం. "నాకు అరమండి వల్ల అది తేలికైందమ్మా" అంది మా అమ్మాయి గర్వంగా, కాళ్ళు చాపుకుని. అరమండి అంటే కూచిపూడిలో మోకాళ్ళు పక్కలకి తిప్పి సగం వంగి నిలబడడం.

నన్ను పట్టేసింది మాత్రం మోరీన్ కథ. అందరికంటే బాగా చేసే పిల్ల. తల్లి అదే అకాడమీలో పనిచేస్తుంది. మోరీన్ తిన్నది దొంగచాటుగా కక్కేస్తూ ఉంటుంది. చివరికి తన పాత్రని స్నేహితురాలు ఈవాకి వదిలేసి, ఇది నాకు వద్దని తల్లికి చెప్పేస్తుంది. ఆ సీన్ వచ్చినప్పుడు మా అమ్మాయి టీవీ చూడట్లేదు, నన్ను చూస్తోంది.

మాది గుడివాడ. కూచిపూడి ఊరికి బస్సులో గంట కూడా పట్టదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వేషం గురించి ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. నేను నేర్చుకుంటానంటే చదువు పాడవుతుందని నాన్న ఒప్పుకోలేదు. ఆ కోరికనే పిల్ల కాళ్ళకి గజ్జెలుగా కట్టాను. వచ్చే వేసవికి రంగప్రవేశం, అంటే వేదిక మీద తన తొలి పూర్తి ప్రదర్శన, అనుకుని హాలు కూడా మాట్లాడేశాను.

"నాకు కూచిపూడి ఇష్టమేనమ్మా. రంగప్రవేశమే నీది" అంది. చాలాసేపు నాకు మాట రాలేదు. తర్వాత, తిండి సరిగ్గా తింటున్నావా తల్లీ అని అడిగాను. తింటున్నానంది. వీడియో కాల్‌లో బంధువులు "లావయ్యావే" అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకోవడం మాత్రం బాధగా ఉంటుందని చెప్పింది. అది నా తప్పే. ఇప్పుడు అలా ఎవరన్నా అంటే అక్కడే ఆపుతున్నాను.

హాలు అడ్వాన్స్ వదులుకున్నాం. కూచిపూడి క్లాసు మానలేదు. "గజ్జెల్లేని డాన్సేంటే?" అని బాలే గురించి మా అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

బాలేలో నాకు కష్టమనిపించింది రంగు. 'ఒంటి రంగు' టైట్స్, అంటే కాళ్ళకి బిగుతుగా వేసుకునే మేజోళ్ళు, తెమ్మన్నారు, వెళ్తే అది గులాబీ రంగు. ఎవరి ఒళ్ళది? నల్లజాతి బాలే కళాకారుడు ఆర్థర్ మిచెల్ వాళ్ళు 1969లో స్థాపించిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌లో డాన్సర్లు 1970ల నుంచే తమ ఒంటి రంగు టైట్స్, షూస్ వేసుకుంటున్నారని మా అమ్మాయే చెప్పింది. లండన్‌లో డాన్స్ షూస్ చేసే ఫ్రీడ్ కంపెనీ, నల్లజాతి, ఆసియా డాన్సర్ల బృందం బాలే బ్లాక్‌తో కలిసి గోధుమ రంగు పాయింట్ షూస్ (వేళ్ళ కొసల మీద నిలబడడానికి వేసుకునేవి) తెచ్చింది 2018లోనే. అప్పటిదాకా చాలామంది షూస్‌కి మొహానికి రాసుకునే ఫౌండేషన్ పూసుకున్నవాళ్ళే. ఇప్పటికీ తన ఛాయ దొరక్కపోతే అదే పని.

తన ఒంటి రంగువి వేసుకోవచ్చా అని టీచర్‌ని అడిగితే సరేనన్నారు. నా ఫౌండేషన్ సరిపోలేదు, రెండు ఛాయలు కలపాల్సి వచ్చింది. ప్రదర్శన ముందురోజు రాత్రి వంటింట్లో పేపర్ పరిచి, స్పాంజితో శాటిన్ మీద అద్దుతూ కూర్చున్నాను. గట్టిగా అద్దితే మరకలు పడతాయి. తను పక్కన రిబ్బన్లు కుట్టుకుంటోంది.

"పారాణి పెట్టేటప్పుడు కూడా నువ్వు ఇలాగే నాలుక బయటపెడతావమ్మా" అంది.

రెండో షూ అందుకున్నాను.