జిరాక్స్ మెషీన్ పక్కన బీఏ

తిరుపతిలో ఒక కాలేజీకి ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. రెండు మెషీన్లు, స్పైరల్ బైండింగ్‌కి ఒక మిషను, శబ్దం చేసే ఫ్యాను. నేను చదివింది బీఏ హెచ్ఈపీ. అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. 1999లో చేరాను.

ఆ చదువు దండగైందని మా మామ ఇప్పటికీ అంటుంటాడు. నాకైతే రోజూ పనికొస్తోంది. పరీక్ష ముందురోజు పేజీ రూపాయి నుంచి రెండు రూపాయలు చేసినా ఒక్కడూ వెనక్కి పోడు. అవ్యాకోచ డిమాండ్ అని మాకు రెండు పేజీలు రాయించింది దీని గురించే. అదే సెలవుల్లో అర్ధరూపాయి పెంచి చూడండి, అందరూ పక్క షాపులో ఉంటారు. (ఇప్పుడు పెంచడం లేదులెండి. ఒకే ఒక్కసారి పెంచాను.)

మేం తెలుగు అకాడమీ పుస్తకాలతో గట్టెక్కినవాళ్లం. 2021-22 నుంచి డిగ్రీకి ఇంగ్లీషు మీడియం పెట్టారు. అప్పట్నుంచి నా దగ్గరికి కాగితాలతో పాటు డౌట్లు కూడా వస్తున్నాయి. పోయినేడు ఒక కుర్రాడు నోట్సు తెచ్చి, "అన్నా, డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ అంటే ఏంది?" అన్నాడు. క్షీణోపాంత ప్రయోజనం అన్నాను. ఇంకా బెదిరిపోయాడు. "సరే, రేపు పరీక్ష. ఇందులో మొదటి పది పేజీలు నీకు ప్రాణం. తర్వాతి పది, ఉంటే మంచిదే. నూరో పేజీ నువ్వు తెరవను కూడా తెరవవు. అట్లా తగ్గుతూ పోయేదే అది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి చివరి 40 పేజీలు వద్దన్నాడు. పాఠం వాడికి, నష్టం నాకు.

మా హిస్టరీ సార్ చెప్పినదొకటి మాత్రం మనసులో నిలిచిపోయింది. తిరుమల శాసనాలు ఎక్కువ భాగం తమిళంలో ఉంటాయి. విజయనగర కాలంలో ఎవరైనా స్వామి నైవేద్యానికి డబ్బిస్తే, ఆ డబ్బుతో దేవస్థానం ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవాళ్లు. నీళ్లొచ్చి పంట పెరుగుతుంది. పెరిగిన ఆదాయంతో ఏటేటా దాత పేరున నైవేద్యం జరుగుతుంది. ఆ ప్రసాదంలో మామూలుగా నాలుగో వంతు దాతకు వాటా. సార్ బోర్డు మీద చెరువు, పొలం, గుడి గీసి మధ్యలో బాణాలు పెట్టి, "ఇది హిస్టరీనా, ఎకనామిక్సా?" అని అడిగారు. మేం నోరెత్తలేదు. "హక్కులు ఎవరివని అడిగితే పాలిటిక్స్ కూడా" అన్నారు.

అందుకే 2023-24లో సింగిల్ మేజర్ వచ్చినప్పుడు నాకు నచ్చలేదు. మూడు సబ్జెక్టులూ ఒకే బరువుతో చదివే పద్ధతి పోయి, ఒకటి మేజరూ ఒకటి మైనరూ అయింది. ఒకదాన్నే లోతుగా చదువుతారు, మంచిదే అంటారు. కావచ్చు. కానీ ఆ బోర్డు మీది బాణాలు ఎవరు గీస్తారో నాకు అర్థం కాదు.

ఇక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 180 గంటలు ఊళ్లో తిరిగి సర్వే చేసి రిపోర్టు రాయాలి. నా దగ్గర బైండింగ్‌కి వచ్చేవాటిలో సగం ఒకే ఫైలు, ఊరి పేరు మాత్రం మారుతుంది. ఒకసారి ఊరి పేరు కూడా మార్చడం మరిచారు. పిలిచి చూపిస్తే, "ఏం కాదులే అన్నా, ఎవరు చదువుతారు" అన్నారు. నేను చదువుతాను గదా!

2025లో బంగారుపాళ్యం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఎకనామిక్స్ మేజర్. చేత్తో రాసిన పట్టికలు, 32 ఇళ్లు. తోతాపురి మామిడికాయ ఎవరికి అమ్మారు, వ్యాపారులు కాయ కొనే ర్యాంపుకా, గుజ్జు ఫ్యాక్టరీకా, ఎన్ని రోజులు ట్రాక్టరు క్యూలో పెట్టుకున్నారు, చేతికి ఎంతొచ్చింది. ఆ ఏడు కిలోకు ఫ్యాక్టరీ 8, సర్కారు 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించారు. ఈ అమ్మాయి పట్టికలో ప్రకటించిన ధరకు ఒక గడి, చేతికొచ్చిన ధరకు ఒక గడి. రెండో గడి కొన్నిచోట్ల ఖాళీ.

"ఇదేంది తల్లీ, నింపలేదు?"

"ఇంకా డబ్బులు రాలేదన్నా వాళ్లకి. సున్నా వేస్తే తప్పు గదా, కాయ ఊరికే ఇచ్చినట్టు అవుతుంది. అందుకే ఖాళీగా వదిలినా."

మెషీన్ ఆపి ఆ పట్టిక మళ్లీ మొదట్నుంచి చూశాను. ఆ పేజీ మూల మామిడి సొన మరక ఉంది. కాపీలో నల్లగా పడింది. డార్క్‌నెస్ తగ్గించి ఇంకో రెండు కాపీలు తీశాను, పోలేదు. ఇంకా తగ్గిస్తే అంకెలు మాసిపోతున్నాయి.

"ఉండనీన్నా" అంది. "అది మా నాయన సంతకం పెట్టిన పేజీ."

బైండింగ్‌కి డబ్బు తీసుకున్నాను. పాడైన రెండు కాపీలకు తీసుకోలేదు.