పాలమూరు ఎండకు తగిన పెరడు

ఇంటి ముందు నాలుగు గజాల జాగా ఖాళీగా కనిపిస్తే చాలు, దాని నిండా పచ్చిక పరచాలనే కోరిక మా మహబూబ్‌నగర్ కొత్త కాలనీల్లో ఈ మధ్య బాగా పెరిగింది. పలకలుగా కోసి తెచ్చే మెక్సికన్ గడ్డి వానాకాలంలో కన్నుల పండువగానే ఉంటుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో దానిని బ్రతికించడానికి ఎంత నీరు కావాలో కొనేముందు ఎవరూ లెక్క వేయరు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు పోస్తే ఒక లీటరు అవుతుంది. నడివేసవిలో పచ్చికకు రోజుకు 5, 6 మిల్లీమీటర్లు తక్కువ కాకుండా కావాలి కనుక, 100 చదరపు మీటర్ల గడ్డి రోజుకు 500 నుంచి 600 లీటర్లు తాగుతుంది. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు తొమ్మిది పది రోజులకు మించి రాదు. బోర్లు ఎండిపోయే కాలంలో ఆ నీటిని గడ్డికి పోయడం నాకు సబబుగా తోచదు.

పచ్చిక వద్దనుకున్నవారు తరచుగా దానికి పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్తారు. అమెరికాలోని ఫీనిక్స్‌లో స్థిరపడిన మా తమ్ముడు తన ఇంటి ముందు భాగం ఫోటోలు పంపిస్తుంటాడు. నేలంతా సన్నని కంకర, నడుమ రెండు మూడు బ్రహ్మజెముడు జాతి మొక్కలు, వాటి మొదళ్ళకు డ్రిప్పు గొట్టాలు. అక్కడ అది తెలివైన పద్ధతే. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా కురవని ఎడారి అది. పక్కనున్న నెవాడా రాష్ట్రమైతే లాస్ వేగాస్ ప్రాంతంలో కేవలం అలంకారానికి పెంచే గడ్డికి కొలరాడో నది నీరు వాడరాదని 2021లో చట్టమే చేసింది, వ్యక్తిగత ఇళ్ళను మాత్రం అందులోంచి మినహాయించింది. కాని ఆ కంకర నమూనాను యథాతథంగా తెచ్చి పాలమూరులో పెడితే కుదరదు. మనది కరువు ప్రాంతమే గాని ఎడారి కాదు. ఇక్కడ సగటున ఏడాదికి 600 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. కురిసే ఆ నాలుగు నెలల నీటిని నేలలో ఎట్లా నిలుపుకోవాలన్నదే మన పెరటికి అసలు ప్రశ్న. పైగా పగలంతా కాగిన కంకర రాత్రి వేడిని వదులుతుంది, ఎండాకాలం వాకిట్లో మంచం వేసుకునే అలవాటు ఉన్న మనకు అది ఏమాత్రం పనికిరాదు.

100 చదరపు మీటర్ల డాబా మీద 600 మిల్లీమీటర్ల వాన కురిస్తే 60,000 లీటర్లు. నాలుగో వంతు వృథా అయినా 45,000 లీటర్లు మిగులుతుంది. ఇంత నీరు గొట్టాల గుండా నేరుగా రోడ్డు మీదికి పోతుంటే మనం మళ్ళీ ట్యాంకరుకు ఫోన్ చేస్తున్నాం. మన ఎర్ర చెలక నేలలు వాన దెబ్బకు పైన గట్టిగా పెచ్చు కడతాయి, అందువల్ల నీరు లోపలికి దిగకుండా జారిపోతుంది. మొక్కలున్న భాగాన్ని నడిచే దారి కంటే జానెడు పల్లంగా ఉంచడం, ఏటా తొలకరికి ముందు గడ్డపారతో పైపొరను గుల్ల చేయడం, డాబా నీటిని పునాదికి దూరంగా తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్ళించడం అనే మూడు పనులు చేసినవారికి మిగతా అలంకారమంతా సులువవుతుంది. గద్వాల, అలంపురం వైపు నల్లరేగడిలో ఇల్లున్నవారు మాత్రం గోడ పక్కన నీరు నిలువనీయరాదు, ఆ నేల ఉబ్బి, ఎండి, పగుళ్ళు తీస్తుంది.

చెట్ల విషయంలో నా మొదటి ఓటు పడమటి వైపు వేప లేదా కానుగకు. సాయంత్రపు ఎండ గోడను తాకకుండా ఆపడమే అక్కడ చెట్టు చేయవలసిన పని. వేప శిశిరంలో ఆకు రాల్చి ఉగాది నాటికి చిగురు, పూత తెచ్చుకుంటుంది. సరిగ్గా ఎండలు ముదిరే వేళకు నీడ సిద్ధంగా ఉంటుంది, రాలిన ఆకు మొక్కల మొదళ్ళలో పరచడానికి పనికివస్తుంది. సీతాఫలం గురించి పాలమూరువారికి చెప్పనక్కరలేదు, బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. వేసవిలో అది ఆకు రాల్చి మోడుగా నిలిస్తే చచ్చిపోయిందని కంగారుపడి నీళ్ళు గుమ్మరించవద్దు, తొలకరికి తానే చిగురిస్తుంది. ప్రహరీ వెంట తంగేడు వేస్తే బతుకమ్మకు ఊరి బయటికి వెళ్ళే పని తప్పుతుంది. దానికి గింజ పెట్టడమే మేలు, పెకిలించి నాటిన మొక్క సరిగా కుదురుకోదు. కాగితపు పూల తీగకు నీరు ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. గన్నేరు ఎండకు బాగా తట్టుకుంటుంది, కాని చెట్టంతా విషమే కాబట్టి పసిపిల్లలున్న ఇంట వద్దంటాను.

నల్లగొండ వైపు మరో చిక్కు ఉంది. అక్కడి బోరు నీటిలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలకు చేసిన కీడు అందరికీ తెలిసిందే, మొక్కలలో కూడా కొన్ని దానిని ఓర్చుకోలేవు. కుండీల్లో పెంచే డ్రసీనా, స్పైడర్ ప్లాంటు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతుంటే ఎరువు లోపమని అనుకోకుండా ముందు నీటిని అనుమానించాలి. అటువంటి వాటికి పట్టి ఉంచిన వాన నీరు గాని, నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీరు గాని పోయడం మంచిది. ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు మరింత ఉప్పుతేలి ఉంటుంది, దానిని రోజూ ఒకే పాదులో పోయరాదు.

ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, వరిగడ్డి ఏది దొరికితే అది నాలుగు వేళ్ళ మందాన పాదుల్లో పరిస్తే తేమ నిలుస్తుంది. అయితే కాండానికి బెత్తెడు ఎడం తప్పకుండా వదలాలి, మన నేలల్లో చెదలు ఎక్కువ. పిల్లలమర్రి అంతటి మహావృక్షానికే చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించవలసి వచ్చింది.

కొత్త మొక్కకు నేను నమ్మేది కుండ పద్ధతి. కాల్చిన మట్టికుండను, రంగు వేయనిదాన్ని, మెడ వరకు మొక్క పక్కన పాతి నీరు నింపి మూత పెడితే, గోడల గుండా ఊరే తేమను వేర్లు వెతుక్కుంటూ వస్తాయి. మూత లేకపోతే దోమలు చేరతాయి. గుంతలు మే నెలలోనే తవ్వి ఎండనిచ్చి, పశువుల పెంట కలిపిన మట్టితో నింపి, రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. వానలు తగ్గిన తరువాత ఏడాదంతా వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపాలి, రోజూ పైపైన చల్లితే వేర్లు పైనే తిరిగి మొదటి ఎండకే మాడిపోతాయి. రెండు వేసవులు దాటిన వేప, కానుగలకు నీరు మానేసి, ఆ కుండలను తవ్వి తీసి కొత్త మొక్కల దగ్గరికి మార్చుకోవచ్చు.