బోడుప్పల్‌లో ఇంటింటి సర్వే: నా అనుభవం

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం చేయించిన ఇంటింటి సర్వేలో నేను ఎన్యూమరేటర్‌ని, అంటే ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకునే మనిషిని. ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్‌ని కాబట్టి మధ్యాహ్నం దాకా బడి, ఆ తర్వాత ఫారాల సంచీ భుజాన వేసుకుని హైదరాబాద్ పక్కనున్న బోడుప్పల్ కాలనీల్లో తిరగడం. 6వ తేదీ నుంచి ఇళ్లకు స్టిక్కర్లు అంటించాం, 9 నుంచి వివరాలు రాసుకున్నాం. కులం, చదువు, భూమి, అప్పులు, వలస అన్నీ కలిపి 75 ప్రశ్నలు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆపింది మాత్రం కుటుంబ యజమాని పేరు రాసే గడి. అసలు ఒక కుటుంబం అంటే ఎవరెవరు? జనగణనలో అయితే ఒకే వంటగదిలో వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం. నేనూ ఆ లెక్కే పట్టుకున్నాను.

ఒక ఇంట్లో కింద అత్తమామలు, చిన్న కొడుకు. పైన పెద్ద కొడుకు సంసారం. రేషన్ కార్డు ఒకటే. వంట ఎక్కడ అని అడిగితే పెద్దమ్మ, "అన్నం అందరికీ కిందనే వండుత మేడం, కూరలే ఎవరివి వాళ్లవి" అంది. కోడలు వెంటనే, "మాది వేరే రాయండి" అంది. మామగారు ఏమీ మాట్లాడలేదు. నేను పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాను. కాసేపటికి వాళ్లే తేల్చుకున్నారు, రెండు ఫారాలు రాశాను. పెద్దమ్మ చాయ్ ఇస్తూ, "కాయితం మీదనే గద మేడం?" అని రెండుసార్లు అడిగింది. అవునమ్మా అన్నాను.

అపార్ట్‌మెంట్లలో మధ్యాహ్నం వెళ్తే సగం తాళాలే. ఉద్యోగాలు చేసే జంటలు ఆదివారం పొద్దున దొరికేవాళ్లు. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఎప్పుడు వెళ్లినా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లు. వాళ్ల దగ్గర వలస ప్రశ్నలకే ఎక్కువ సమయం పట్టేది, ఎందుకంటే పిల్లల గురించి చెప్పాల్సింది చాలా ఉంటుంది.

ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లన్నీ అయిపోయి కిందికి దిగాక, మోటార్ స్విచ్చుల పక్కన వాచ్‌మన్ గది కనిపించింది. తలుపు మీద స్టిక్కరు లేదు. ఆయన భార్య బియ్యం ఏరుతూ, "మమ్ముల గూడ రాస్తరా?" అంది. మీకూ వంటగది ఉంది కదమ్మా అన్నాను. పిల్లలిద్దరూ పాలమూరులో నానమ్మ దగ్గర చదువుకుంటున్నారు. వాళ్లను ఇక్కడ రాయాలా, అక్కడ రాశారా? ఆయన ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. అక్కడ నానమ్మ ఫారంలో పిల్లల పేర్లు ఎక్కాయట. ఇక్కడ వీళ్లిద్దరినే రాశాను.

ఆ రోజు నుంచి ప్రతి బిల్డింగులోనూ ముందు సెల్లార్‌లోకే వెళ్లాను. కడుతున్న ఇళ్ల దగ్గరి రేకుల షెడ్లలోనూ అడిగాను. అప్పటికి జనగణన కూడా జరగాల్సి ఉంది. ఇళ్లు గుర్తించే రోజునే ఈ గదులకూ షెడ్లకూ నంబర్లు వేయించమని మా సూపర్‌వైజర్‌కి రాసి ఇచ్చాను.