మన కాలేజీ పక్కనున్న యవోర్నిత్‌స్కీ గారు

ఉక్రెయిన్‌లోని డ్నిప్రో నగరంలో మన మెడికల్ అకాడమీ నుంచి కాస్త నడిస్తే చరిత్ర మ్యూజియం. దాని ముందు నిలబెట్టిన రాతి బొమ్మలు మన బ్యాచ్‌లో అందరికీ గుర్తుండే ఉంటాయి. రెండు చేతులూ పొట్ట మీదికి తెచ్చి చిన్న పాత్ర పట్టుకుని ఉంటాయవి. కొన్నింటికి ముక్కూ మొహం వానలకి అరిగిపోయాయి. పొలోవ్‌ట్సీలనే సంచార జాతివాళ్లు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందట గడ్డి మైదానాల్లో చెక్కి నిలిపినవి. వాటి పక్కన ఫోటో దిగని వాళ్లు మనలో ఉన్నారా?

ఆ మ్యూజియాన్ని ఆ స్థాయికి తెచ్చిన పెద్దాయన గురించి మాకు చెప్పింది భాష నేర్పిన టీచర్ గారు. దిమిత్రో యవోర్నిత్‌స్కీ 1855లో ఖార్కివ్ దగ్గర ఒక పల్లెలో పుట్టారు. ఉక్రెయిన్ గడ్డి మైదానాల్లో స్వతంత్రంగా బతికిన యోధులు కొసాక్కులు. వాళ్ల చరిత్రంటే ఆయనకి ప్రాణం. అప్పటి రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వానికి అది గిట్టక కొన్నేళ్లు తాష్కెంట్‌కి పంపేసింది. అయినా జపొరోజియా కొసాక్కుల చరిత్రని 3 సంపుటాలుగా తెచ్చారు. టర్కీ సుల్తానుకి ఉత్తరం రాస్తూ పగలబడి నవ్వే కొసాక్కులను చిత్రకారుడు రేపిన్ బొమ్మగా వేశారు కదా, అందులో కలం పట్టుకుని ముసిముసి నవ్వులు నవ్వే రాయసగాడికి మోడల్ ఈయనే.

1902లో మ్యూజియం బాధ్యత తీసుకుని ముప్పై ఏళ్లు నడిపారు. పల్లెపల్లెకీ తిరిగి చుట్ట గొట్టాలు, కత్తులు, కుండలు సేకరించారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాటలు రాసుకున్నారు.

నన్ను కదిలించింది మాత్రం డ్యామ్ సంగతి. నీపర్ నది ఆ ఊరి దిగువన రాళ్ల మీంచి హోరుమని దూకేదట. ఆ రాళ్ల ఉరవళ్లని అక్కడ పొరోహిలంటారు. ఆనకట్ట కడితే అవన్నీ మునిగిపోతాయి. 1927లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన తవ్వకాల బృందానికి నాయకత్వం వహించారు. నీళ్లొచ్చేలోపు సమాధులు తవ్వించి, దొరికినవన్నీ మ్యూజియానికి చేర్చారు. ఒక్కో పొరోహికీ ఫోటోలు తీయించి పుస్తకం వేశారు. మాది మాచర్ల. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి నాగార్జునకొండలో జరిగిన తవ్వకాల గురించి మా ఇంట్లో వింటూ పెరిగాను. అందుకే మ్యూజియంలో ఆ తవ్వకాల వస్తువులున్న గదిలోంచి నాకు కదలబుద్ధి కాలేదు.

ఇంత చేసిన మనిషిని 1933లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆయన 1940లో పోయారు. ఆయనున్న ఇల్లు కూడా ఇప్పుడు మ్యూజియమే.

మనం కార్ల్ మార్క్స్ ప్రాస్పెక్ట్ అన్న రోడ్డుకి 2016లో యవోర్నిత్‌స్కీ పేరు పెట్టారు. ఈ సంచికకి ఫోటోలు పంపేవాళ్లు కింద రెండు పేర్లూ రాయండి, జూనియర్లకి అది ఏ రోడ్డో తెలుస్తుంది.