వీరిలో అనేకులు ఇప్పటివరకు నిలిచియున్నారు

మన సంఘాల్లో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే భూస్థాపన దగ్గర ఎక్కువగా వినబడే అధ్యాయం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15. "ఓ మరణమా, నీ విజయమెక్కడ?" అన్న మాట చెవిన పడగానే ఏడుస్తున్నవాళ్లు కూడా తలెత్తి వింటారు. పౌలు ఆ మాట ఊరకే ధైర్యం చెప్పడానికి అనలేదు. అదే అధ్యాయం మొదట్లో ఇచ్చిన సాక్షుల పట్టిక మీద దాన్ని నిలబెట్టాడు. ఆ పట్టికను మనం గబగబా చదివి దాటేస్తాం. నేను మాత్రం ఆరో వచనం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లలేను.

"అటుపిమ్మట ఐదు వందలకు ఎక్కువైన సహోదరులకు ఒక్క సమయమందే కనబడెను. వీరిలో అనేకులు ఇప్పటివరకు నిలిచియున్నారు, కొందరు నిద్రించిరి."

ఐదు వందల మంది చూశారు అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎందరో ఇంకా బతికే ఉన్నారు, కొందరే పోయారు అని చెప్పడం ఎందుకు? పొలం దస్తావేజు మీద సాక్షి సంతకం చేసినవాడు పక్క వీధిలోనే ఉంటే, అనుమానం వచ్చినవాళ్లు వెళ్లి అడగవచ్చు. పౌలు ఆ దారి తెరిచి పెట్టాడు. ఈ పత్రిక ఎఫెసు నుంచి 55 ప్రాంతంలో రాసింది. ప్రభువు సిలువ మరణం 30లో లేదా 33లో జరిగిందని పండితులు చెబుతారు. మధ్యలో గడిచింది ఇరవై ఏళ్ల పైచిలుకు. ఆనాడు పాతికేళ్లున్న మనిషికి ఈ పత్రిక రాసేనాటికి యాభై దాటలేదు.

పైగా ఇది చదివినవాళ్లు ఏది చెప్పినా తలూపే రకం కాదు. కొరింథు సంఘంలో కొందరు మృతుల పునరుత్థానమే లేదన్నారు. కొందరు పౌలు అపొస్తలత్వాన్నే ప్రశ్నించారు. "నేను కేఫావాడను" (కేఫా అంటే పేతురే) అని చెప్పుకునే గుంపు కూడా అక్కడే ఉంది. కేఫా, ప్రభువు సహోదరులు భార్యలను వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతున్న సంగతి వాళ్లకు తెలుసు. తొమ్మిదో అధ్యాయంలో పౌలు దాన్ని తెలిసిన విషయంగానే ప్రస్తావిస్తాడు. కొరింథు రెండు రేవులున్న వర్తక పట్టణం, తూర్పు నుంచి ఓడలు దాని రేవైన కెంక్రేయకు వచ్చేవి, కాబట్టి అటునుంచి వచ్చినవాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. పౌలు మీద గుర్రుగా ఉన్నవాళ్లకు, అబద్ధం దొరికితే వదిలిపెట్టని వాళ్లకు, ఆయన సాక్షుల పేర్లు రాసి పంపాడు. వాళ్లను నమ్మించడానికి కథ అల్లుతున్నవాడు ఇలా చేస్తాడా?

ఈ పట్టిక ఆయన సొంతంగా తయారు చేసింది కూడా కాదు. "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అంటాడు. గలతీయులకు రాసిన పత్రిక ప్రకారం, మారుమనస్సు పొందిన మూడేళ్లకు యెరూషలేము వెళ్లి కేఫా దగ్గర పదిహేను రోజులు ఉన్నాడు, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాడు. పట్టికలో పేరు పెట్టి చెప్పిన ఇద్దరూ వీళ్లే. విశ్వాసం లేని చరిత్రకారుల్లో కూడా చాలామంది ఈ వచనాల్లోని ఉపదేశం పత్రిక కంటే ఎంతో పాతదని ఒప్పుకుంటారు.

పట్టికలో ఒక లోటు నాకు కనబడుతుంది, దాన్ని దాచను. స్త్రీల పేర్లు లేవు. నాలుగు సువార్తలూ ఖాళీ సమాధి దగ్గర ముందుగా మగ్దలేనే మరియను చూపిస్తాయి. స్త్రీల సాక్ష్యం చెల్లదని అదే శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే విమర్శకుడు ఆమెను పిచ్చిదానిగా ఎగతాళి చేశాడు. లోకం ఇలా అంటుందని సువార్తికులకు తెలియదా? అపొస్తలులకే వారి మాటలు "వెఱ్ఱిమాటలుగా కనబడెను" అని లూకా ఉన్నదున్నట్టు రాశాడు. సంఘానికి నాయకులైనవాళ్లు మొదట నమ్మలేదని, నమ్మదగిన కబురు తెచ్చింది ఈ స్త్రీలేనని ఒప్పుకోవడం తేలికైన పని కాదు.

వివరాల్లో తేడాలు ఉన్నాయి, నిజమే. మార్కు ముగ్గురు స్త్రీలను పేర్కొంటే యోహాను ఒక్క మరియ పేరే చెబుతాడు. సమాధి దగ్గర మార్కులో ఒక పడుచువాడు, లూకాలో ఇద్దరు మనుష్యులు. రెండో శతాబ్దంలో తతియాను నాలుగు సువార్తలను కలిపి ఒకే కథనం చేశాడు. సిరియా సంఘాలు చాలాకాలం దాన్ని చదివి, చివరికి విడివిడి నాలుగింటికే వచ్చాయి. తేడాలు చెరిపేసే అవకాశం చేతిలో ఉండి కూడా సంఘం ఆ పని చేయలేదు. అందుకే ఆ తేడాలు చూస్తే నాకు భయం వేయదు, నమ్మకమే పెరుగుతుంది.

"తరువాత యాకోబుకును." ఏడో వచనంలో ఉన్నది ఇంతే. ఈయన యేసుతో ఒకే ఇంట్లో పెరిగినవాడు. ఆయన సహోదరులైనను ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7:5 చెబుతుంది. ఇంటివాళ్లు ఆయనకు మతి చలించిందనుకుని పట్టుకోవడానికి వచ్చారని మార్కు రాశాడు. కలిసి తిని, కలిసి పెరిగినవాడిని ప్రభువని ఒప్పుకోవడం ఎవరికైనా ఎంత కష్టం! ఆ యాకోబే తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు.

ప్రాణం పెట్టారు కాబట్టి నిజం అని మన ప్రసంగాల్లో తేలిగ్గా అనేస్తాం. తప్పుడు నమ్మకం కోసం చచ్చినవాళ్లూ ఉన్నారు. పైగా చాలామంది అపొస్తలుల మరణాల గురించి మనకు తెలిసింది ఎక్కువగా తర్వాతి కాలపు సంప్రదాయాల వల్లే. యాకోబు సంగతి వేరు. ఆయన్ని రాళ్లతో కొట్టించిన సంగతి రాసింది క్రైస్తవుడు కాని జోసెఫస్. జరిగింది 62లో. కొట్టించిన ప్రధాన యాజకుడు, యేసును బంధించిన రాత్రి ముందుగా ఎవరి దగ్గరకు తీసుకెళ్లారో ఆ "అన్న" అనే పేరుగల యాజకుడి కుమారుడు. తన సహోదరుడైన యేసు లేచాడా లేదా అన్నది యాకోబు ఎవరో చెబితే విన్న మాట కాదు.

లేచిన యేసు, యాకోబు ఎక్కడ కలిశారో, ఏం మాట్లాడుకున్నారో కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. కల్పించేవాళ్లకు ఇంతకంటే మంచి ఘట్టం దొరకదు. పౌలు పదిహేను రోజులు అక్కడ ఉండి, యాకోబును కళ్లారా చూసి వచ్చి కూడా, రెండు మాటల కంటే ఎక్కువ రాయలేదు.