డబ్బాలో మిగిలింది ఒక్క గిన్నెడే

‘సూపర్‌నాచురల్’ అనే అమెరికన్ టీవీ షో పేరు వినగానే అందరికీ దెయ్యాలు, నల్ల ఇంపాలా కారు గుర్తొస్తాయి. నాకు మాత్రం పాలల్లో పోసుకు తినే సీరియల్ డబ్బా గుర్తొస్తుంది.

మొదటి సీజన్, 18వ ఎపిసోడ్. తండ్రి జాన్ దెయ్యాల వేటకి పోతూ పిల్లలిద్దర్నీ మోటెల్ గదిలో వదిలేస్తాడు. డీన్ వేడిచేసి పెట్టింది తమ్ముడు శామ్ తిననంటాడు, డబ్బాలోదే కావాలంటాడు. మిగిలింది కాస్తే, డీన్ ఇంకా నోట్లో కూడా వేసుకోలేదు. విసుక్కుంటూనే వండింది చెత్తబుట్టలో పారేసి, డబ్బా తెచ్చి తమ్ముడి ముందు పెడతాడు. శామ్ అందులో దొరికిన బొమ్మ తీసి, నీకు కావాలా అన్నట్టు చేయి చాపుతాడు. 15 సీజన్లు, 327 ఎపిసోడ్ల కథకి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

మాది ఉక్కునగరం క్వార్టర్. నాన్నకి నైట్ షిఫ్ట్ పడిన వారమే అమ్మకి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ పడితే ఇంట్లో నేనూ అన్నయ్యే. తనకి పన్నెండు, నాకు ఏడు. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో మా ఇద్దరికీ దిష్టి తీసి వెళ్లేది. (దెయ్యాలు రాకుండా డీన్ గుమ్మానికి అడ్డంగా ఉప్పు పోసినప్పుడల్లా నాకు అమ్మే గుర్తొస్తుంది.) అన్నయ్య తలుపు గడియ పెట్టి రెండుసార్లు లాగి చూసేవాడు. ఇంట్లో గుడ్డు ఒక్కటే ఉంటే ఆ అట్టు నా కంచంలోకే వచ్చేది. “నాకు ఆకలి లేదే, తినీ” అనేవాడు. నమ్మేసి తినేసేదాన్ని. ఆ డబ్బా సీను చూసిన రోజు చాలాసేపు ఏడ్చాను.

అందుకే డీన్ తప్పు చేసినా నాకు అర్థమవుతుంది, అర్థమైన కొద్దీ కోపమూ వస్తుంది. రెండో సీజన్ చివర చనిపోయిన శామ్‌ని బతికించుకోవడానికి ఏడాది తర్వాత తీసుకుపొమ్మని తన ఆత్మనే ఓ పిశాచానికి ఇచ్చేస్తాడు. ఆ బతుకు శామ్‌కి ఎంత బరువవుతుందో ఆలోచించడు. చిన్నప్పుడు కంచంలో అట్టు వేసినట్టే ప్రాణం కూడా వేసేస్తాడు.

ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ 2010 మేలో వచ్చింది. సైతానుని తన ఒంట్లోనే బిగబట్టి నరకంలోని బోనులోకి దూకేస్తానని శామ్ అంటే, డీన్ మొదటిసారి సరేనంటాడు. అదీ ఎదగడమంటే. శ్మశానంలో శామ్ చేతులతోనే సైతాను డీన్‌ని చితకబాదుతుంటే, కారు యాష్‌ట్రేలో ఇరుక్కున్న ప్లాస్టిక్ సిపాయి మీద శామ్ చూపు పడుతుంది. చిన్నప్పుడు తనే అందులో కుక్కిన బొమ్మ. ఎత్తిన పిడికిలి ఆగిపోతుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు ఊపిరాడదు.

షో సృష్టికర్త ఎరిక్ క్రిప్కే పగ్గాలు వదిలేసిందీ ఆ సీజన్‌తోనే. తొమ్మిదో సీజన్ మొదట్లో చావుకి సిద్ధపడిన శామ్‌ని బతికించడానికి, అతని ఒంట్లోకి డీన్ అబద్ధంతో ఓ దేవదూతని పంపిస్తాడు. నేర్చుకున్నదంతా మరిచిపోయాడా అని మండిపోయి కొన్నాళ్లు చూడ్డం మానేశాను. ఇప్పుడు మాత్రం అది సాగదీతలా అనిపించదు. భయం వేస్తే మనిషి పాత అలవాటుకే పరిగెడతాడు.

2020 నవంబరులో వచ్చిన చివరి ఎపిసోడ్‌లో చావుకి దగ్గరైన డీన్, వెళ్లమని తమ్ముడి నోటితోనే చెప్పమంటాడు. అన్నాళ్లూ వదలనివాడు తనని వదలమని అడుగుతాడు. ఆ ముగింపు నచ్చనివాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ కథ చేరాల్సిన చోటు అదే.

2016లో నాకు పుణెలో ఉద్యోగం వచ్చింది. నాతో ఒక్క మాట అనకుండా అన్నయ్య నాన్న చేత వద్దనిపించాడు. వారం రోజులు మాటల్లేవు. తర్వాత తనే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాడు. విశాఖ స్టేషన్లో నా సూట్‌కేసు బెర్తు కిందకి తోసి, గొలుసు వేసి, తాళం రెండుసార్లు లాగి చూశాడు. “చేరగానే ఫోన్ చెయ్యి” అని దిగిపోయాడు.