ఐదు గీతల్లో నాలుగు తప్పు: నా సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ ప్రిపరేషన్

జియో-సైంటిస్ట్ పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది. సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ అంటే సముద్ర మట్టం పెరిగి తగ్గుతుంటే ఏర్పడిన రాతి పొరలను సీక్వెన్స్‌లనే కట్టలుగా విడదీసి చదవడం.

చిక్కడపల్లి లైబ్రరీలో నెలల తరబడి కూర్చుని ఈ టాపిక్ కంఠతా పట్టాను. దీన్ని మలిచిన భూవిజ్ఞానులు: 1963లో స్లాస్, 1977లో ఎక్సాన్ చమురు కంపెనీ బృందం, 1989లో గాలోవే. ఎక్సాన్ వాళ్లకు సీక్వెన్స్ హద్దు అన్‌కన్ఫార్మిటీ (కోత పడి పొరల్లో ఖాళీ వచ్చిన తలం), గాలోవేకు మ్యాక్సిమమ్ ఫ్లడింగ్ సర్ఫేస్ (సముద్రం అన్నిటికన్నా ఎక్కువ లోపలికి వచ్చినప్పటి తలం). నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ఒక ఆదివారం తార్నాకలో, కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ చమురు, గ్యాస్ బావుల మీద పనిచేసిన సీనియర్ అన్న మాక్ ఇంటర్వ్యూ చేశాడు. ఒక గామా రే లాగ్ (బావి లోతు వెంట రాళ్ల రేడియోధార్మికత చూపే గ్రాఫ్; షేల్ అనే బంకరాయిలో ఎక్కువ, ఇసుకలో తక్కువ), పెన్సిల్ చేతికిచ్చి "సీక్వెన్స్ బౌండరీ గీయి" అన్నాడు. గామా ఒక్కసారిగా పడిపోయిన చోటల్లా గీశాను. మొత్తం ఐదు. అన్న పక్క బావి లాగ్ పరిచాడు. అందులో నాలుగింటి జాడే లేదు.

"ఇవి నది పాయ దారి మార్చుకుంటే పడ్డ ఇసుక పొరల అడుగుభాగాలురా. సముద్ర మట్టం తగ్గితే ఊరంతా తగ్గాలి, ఒక్క వీధిలోనే తగ్గుతుందా?"

తర్వాత ఆయన మొదటి గీత షేల్‌లో గీశాడు, గామా అన్నిటికన్నా ఎక్కువున్న చోట. సముద్రం బాగా లోపలికి వచ్చినప్పుడు దూరంగా ఇసుక చేరదు. సన్నటి బంకమట్టి మెల్లగా పేరుకుంటుంది, అందులోని సేంద్రియ పదార్థం యురేనియాన్ని పట్టి ఉంచుతుంది, అందుకే గామా పెరుగుతుంది. ఆ పొర చాలా దూరం సాగుతుంది కాబట్టి బావికీ బావికీ కలపడం సులువు. గాలోవే హద్దు ఎందుకు అలా పెట్టాడో నాకు అప్పుడు తెలిసింది, అదీ లాగ్ చూశాక!

కరెలేటివ్ కన్ఫార్మిటీని, అంటే అన్‌కన్ఫార్మిటీకి సముద్రం వైపు కోత లేకుండా కొనసాగింపుగా ఉండే తలాన్ని, సముద్ర మట్టం తగ్గడం మొదలైనప్పుడు పెట్టాలా, ఆగాక పెట్టాలా అని క్లాసులో గంటలు వాదించుకున్నాం. అన్నకు ఆ గొడవ పట్టదు. చమురు ఉండగల ఇసుక ఎక్కడ, అది తప్పించుకోకుండా దాని మీద షేల్ మూత ఉందా, అంతే.

అలాగని అకడమిక్ వాళ్ల విమర్శను వదిలేయకండి. ప్రపంచమంతటా సముద్ర మట్టం ఎప్పుడెప్పుడు మారిందో చూపే ఎక్సాన్ గ్లోబల్ చార్టుతో యాదృచ్ఛిక సంఖ్యలతో కల్పించిన సెక్షన్లు కూడా సరిపోతున్నాయని 1992లో మియల్ అనే భూవిజ్ఞాని చూపించాడు. చార్టును గుడ్డిగా నమ్మకూడదని మెయిన్స్‌లో రాయడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నేను ఇప్పుడు నిర్వచనం రెండు లైన్లలో ముగించి, రెండు బావుల బొమ్మ గీసి ఫ్లడింగ్ సర్ఫేస్‌లు కలుపుతాను. ఒక్క జాగ్రత్త: పొటాష్ ఫెల్డ్‌స్పార్ (రేడియోధార్మిక పొటాషియం ఉన్న ఖనిజం) ఎక్కువున్న ఇసుక కూడా గామాలో షేల్‌లా కనిపిస్తుంది. రాయి సాంద్రత, రంధ్రాల సంగతి చెప్పే డెన్సిటీ, న్యూట్రాన్ లాగ్‌లు చూడకుండా పెన్సిల్ పట్టకండి.